సకినాలు శిల్పారామం చేరేదాకా: నంబరు, లోను, గిర్ని, లేబులు

ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు చేసిన సరుకు హైదరాబాద్‌లో, మాదాపూర్ శిల్పారామం బజారులో అమ్మాలంటే ఏమేం కావాలని అడిగితే చాలామంది లోను దగ్గర మొదలుపెడతారు. జనగామ వైపు మా ఊరి సంఘంతో కలిసి సకినాల పని నడిపిన అనుభవంతో చెప్తున్నా, మొదట చూడాల్సింది ఫోన్ నంబరు. సభ్యులందరినీ కూర్చోబెట్టి ఎవరి ఆధార్‌కి ఏ నంబరు ముడిపడి ఉందో రాయించండి. భర్తదో, కొడుకుదో, ఎప్పుడో పారేసిన సిమ్‌దో తేలుతుంది. ఇంట్లో ఎవరూ కావాలని చేసిందీ కాదు. ఆధార్ దిగిన రోజుల్లో ఇంటికి ఒకటే ఫోన్ ఉండేది, అది మగాయన జేబులో ఉండేది.

ఇప్పుడు ఆ ఒక్క సంగతే అడుగడుగునా అడ్డం పడుతుంది. ఫుడ్ లైసెన్సుకు ఓటీపీ, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల సర్కారు నమోదు) రిజిస్ట్రేషన్‌కు ఓటీపీ, ఫోన్‌పేకు ఓటీపీ. అక్క ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఉంటే ఓటీపీ ఎల్బీనగర్‌లో స్లాబు పని మీదున్న బావ ఫోన్‌కి పోతుంది. ఆ ఫోను టిఫిన్ సంచిలో ఉంటుంది. ఆయన చూసుకుని ఫోన్ చేసేసరికి గడువు అయిపోతుంది. ఇట్లా రెండుసార్లయితే చాలు, 'ఆయన పేరు మీదే చేసేద్దాం తియ్, ఎవరిదైతే ఏంది' అనే మాట వస్తుంది. దానికి సరేనంటే లైసెన్సు ఆయన పేరున, ఖాతా ఆయన పేరున, చేతులు కాల్చుకునేది మాత్రం వీళ్లు. ఆడవాళ్లు మొదలుపెట్టిన పని మగవాళ్ల పేరు మీదకు జారేది ఎక్కువగా ఇక్కడే. గొడవ కూడా ఉండదు, అందరికీ సులువైన దారిలాగే కనిపిస్తుంది.

ఆధార్‌లో నంబరు మార్చడానికి వేరే కాగితాలు అక్కర్లేదు. మనిషి ఆధార్ కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయాలి, ఫీజు 75 రూపాయలు. చిక్కల్లా వేలిముద్రతోనే. పత్తి ఏరి, అంట్లు తోమి వేళ్లు అరిగిపోయిన వాళ్లకు మిషన్ ఒప్పుకోదు. చేతులు కడుక్కుని, తడి తుడిచి, చుక్క కొబ్బరినూనె రుద్ది, మిగతా వేళ్లు కూడా పెట్టి చూడమనండి. అప్పటికీ పడకపోతే కంటిపాప స్కాన్ అడగండి. సిమ్ ఆమె పేరు మీదే తీసుకోవాలి, తమ్ముడి పేరున వద్దు. వాడకుండా 90 రోజులు వదిలేస్తే కంపెనీ ఆ నంబరు తీసేయొచ్చు, తర్వాత అది ఇంకెవరికో పోతుంది. కాబట్టి చిన్న రీచార్జ్ అయినా తప్పొద్దు. ఓటీపీకి డబ్బా ఫోను సరిపోతుంది, అందరికీ స్మార్ట్‌ఫోన్ కొనక్కర్లేదు.

ఇక లోను. బ్యాంకు లింకేజీకి, అంటే బ్యాంకు సంఘానికిచ్చే లోనుకు, సంఘం కనీసం ఆరు నెలలుగా నడుస్తూ ఉండాలి. ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది సంఘం పుస్తకాల ప్రకారం, బ్యాంకులో ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు. ఇది చాలాచోట్ల తేడాగా చెప్తారు. పంచసూత్రాలు పాటిస్తున్నారా అని చూస్తారు: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. దెబ్బతినేది చివరిదానితోనే. మినిట్స్ పుస్తకంలో పదిమంది హాజరని రాసి ఏడు సంతకాలే ఉంటాయి. పొదుపు పుస్తకంలో ఒక మొత్తం, పాస్‌బుక్‌లో ఇంకో మొత్తం ఉంటుంది. అంతర్గత అప్పు ఇచ్చినట్టు ఉంటుంది, దాని మీద వచ్చిన వడ్డీ ఎక్కడా కనపడదు. వీఓఏ (గ్రామ సంఘం లెక్కలు చూసే ఆమె) వచ్చి రాస్తుందిలే అని వదిలేయకుండా సంఘంలో చదువుకున్న అమ్మాయి ఒకరు ఏ మీటింగుకామీటింగు రాసేస్తే సగం తలనొప్పి పోతుంది.

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం మొదటి విడతలో సంఘం నిధికి ఆరు రెట్లు గానీ, 1.5 లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. పదిమంది నెలకు 100 చొప్పున ఏడాది పొదుపు చేస్తే 12,000. దానికి ఆరు రెట్లు 72,000. అయినా 1.5 లక్షలకు అర్హత ఉన్నట్టే. 72,000 మాత్రమే వస్తుందని ఎవరైనా అంటే ఈ నియమం చెప్పాలి. రెండో విడతకు ఎనిమిది రెట్లు లేదా 3 లక్షలు. 10 లక్షల దాకా పూచీ గానీ మార్జిన్ (మన వాటా డబ్బు) గానీ అడగకూడదు, పూచీ లేని హద్దును 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు 20 లక్షలకు పెంచింది. సంఘం పొదుపు డబ్బును లోనుకు తాకట్టుగా ఆపి ఉంచడం కూడా కుదరదు. సభ్యురాలి భర్త సంతకం అన్న ఊసు ఆ నియమాల్లో లేనేలేదు. 'మీ ఆయన్ని తీసుకురామ్మా' అనే మాట కౌంటర్ దగ్గర వినిపిస్తే, గొంతు పెంచకుండా, ఏ నియమం ప్రకారమో కాగితం మీద రాసిమ్మని అడగండి. సాధారణంగా ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

3 లక్షల దాకా వడ్డీ 7 శాతం. 1.5 లక్షలు 24 నెలల వాయిదాలైతే నెలకు సుమారు 6,700, మనిషికి 670. వారం వారం గల్లీకొచ్చే మైక్రోఫైనాన్స్ అప్పుతో ఈ లెక్క పక్కపక్కన రాసి చూపిస్తే వేరే ఉపన్యాసం అక్కర్లేదు. వడ్డీలేని రుణాల కింద ప్రభుత్వం తిరిగిచ్చే వడ్డీ ముందు మనం కట్టాకే వస్తుంది, వాయిదా తప్పితే రాదు. అది పడ్డ రోజు లెక్కలో రాసుకోవాలి తప్ప, వస్తుందిలే అని సరుకు ధర తగ్గించి కట్టొద్దు.

లోను చేతికొచ్చిన రోజే అసలు తకరారు. అలవాటు ప్రకారం మనిషికి 15,000 పంచేస్తారు. పంచిన డబ్బు ఇంటికి పోతే ఎరువుల బాకీకో, బండి కిస్తీకో వెళ్లిపోతుంది. వాయిదా మాత్రం ఆడవాళ్లు కూలికెళ్లి కడతారు. సంఘం లోనుల్లో చాలావరకు నడిచేది ఇట్లాగే, దీన్ని సాధికారత అని రాసుకోవడం నాకు ఒప్పదు. పనికి పెట్టే భాగాన్ని పంపకానికి ముందే తీర్మానంలో రాయాలి. మేం 60,000 పనికి ఉంచి మిగతాది అడిగిన వాళ్లకు అంతర్గత అప్పుగా రాశాం. ఆ 60,000లో రెండు పెద్ద బూరెల మూకుళ్లు, కమర్షియల్ స్టవ్వు, సీలింగ్ మిషన్, గ్రాముల తూకం కాంటా, మొదటి సరుకు వచ్చాయి.

సకినం పని బయటివాళ్లకు తేలిగ్గా కనిపిస్తుంది.  బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, బట్ట మీద తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే గిర్నికి (పిండి మరకు) పంపాలి. చేతిలో పిండి పట్టి పిడికిలి బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. సంక్రాంతి రోజుల్లో తడిబియ్యం పట్టడానికి గిర్ని వాళ్లే పిలుస్తారు. మిగతా నెలల్లో రెండు కిలోలు పట్టుకెళ్తే పట్టనంటారు, ఎందుకంటే తడిపిండి అంటుకుని మళ్లీ మిషన్ అంతా శుభ్రం చేసుకోవాలి. పది కిలోలకు తక్కువ కాకుండా, పొద్దున మొదటి గిరాకీగానో చివరి గిరాకీగానో మాట్లాడుకోవాలి.

పది కిలోల బియ్యానికి కిలోన్నర నువ్వులు, 200 గ్రాముల వాము, పావు కిలో ఉప్పు వేస్తాం. నీళ్లు కొద్దికొద్దిగా, ఒకేసారి పిండి మొత్తం కలపొద్దు. గంటలో చుట్టగలిగినంతే కలుపుకోవాలి, లేదంటే పైన పొరకట్టి, చుట్టేటప్పుడు పిండి తాడు తెగుతుంది. మొదట పిండితో గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి, పక్కన పెట్టి మొదలుపెడతారు. తర్వాత చూడాలి వాళ్ల వేళ్లు. పిడికిట్లో ముద్ద, బొటనవేలూ చూపుడువేలూ మెలిపెడుతుంటే సన్నటి తాడు సాగుతూ దిగుతుంది, మణికట్టు మెల్లగా తిరుగుతూ నాలుగు వరుసలు గుండ్రంగా తెల్లబట్ట మీద పరుచుకుంటాయి. మెలిక బిగువుగా ఉంటేనే కాలినప్పుడు కరకరలాడుతుంది. అచ్చుల్లో, మిషన్లో ఈ మెలిక రాదు. అందుకే పెద్ద కంపెనీలు దీని జోలికి తక్కువ వస్తాయి, అందుకే ఊరి సంఘానికి ఇది మంచి సరుకు.

బట్ట తడి పీల్చుకోవడానికి అరగంట వదలాలి. తొందరపడి పచ్చిగా వేస్తే లోపలి తడి ఆవిరై సకినం మూకుట్లోనే పేలుతుంది, నూనె మొహానికి చిందుతుంది. మరీ ఎండనిస్తే తీసేటప్పుడు విరుగుతుంది. మంట మధ్యస్థంగా ఉంచి, రంగు తెల్లగా ఉండగానే తీయాలి. ఎర్రబడితే నువ్వు చేదెక్కుతుంది. వేయించినవి పూర్తిగా చల్లారాకే ప్యాకెట్లో పెట్టాలి, గోరువెచ్చగా సీలు వేస్తే రెండో రోజుకే మెత్తబడతాయి. పది రోజులకు మక్కిన వాసన వస్తోందంటే నేరం నువ్వులదో, మళ్లీ మళ్లీ కాగిన నూనెదో. ఒక మూకుడు నూనె రెండో రోజుకు వాడొద్దని మేం గట్టిగా పెట్టుకున్నాం. మిగిలిన నూనె పంచుకుని ఇంట్లో వాడదామన్నా వద్దన్నాం.

ధర కట్టడంలోనే ఇంటి సంగతులు బయటపడతాయి. పది కిలోల బియ్యానికి దాదాపు 14 కిలోల సకినాలు వస్తాయి. బియ్యం 450, నువ్వులు 300, వాము, ఉప్పు కలిపి 60, నూనె 500, గ్యాసు 200, గిర్ని 100, ప్యాకెట్లూ లేబుళ్లూ 336. అంతా 1,946. కిలోకు 139 పడిందని లెక్కేసి, హైదరాబాద్ స్వీట్‌షాపు ఆయన 250 ఇస్తానంటే ఎగిరి గంతేస్తారు. ఏడుగురు రోజంతా పనిచేశారు కదా, ఆ కూలేది? 'ఇంట్లో పనే కదా' అంటారు. అదే ఏడుగురు పొలానికెళ్తే 350 చొప్పున 2,450 తెచ్చుకునేవాళ్లు. దాన్ని 14తో భాగిస్తే కిలోకు 175. అంటే కిలో 314కి పడింది, రవాణా కాకుండా. 250కి అమ్మితే షాపు ఆయనకు వీళ్లే ఎదురు డబ్బులిచ్చి పంపినట్టు. కూలి పుస్తకం వేరే పెట్టి, చుట్టిన వాళ్లకు, కాల్చిన వాళ్లకు, ప్యాక్ చేసిన వాళ్లకు ఆ రోజు కూలి ఆ రోజే రాయాలి. ఈ పుస్తకం వచ్చాక ఇళ్లలోనూ మాట మారింది. పొద్దంతా కూర్చుని ముచ్చట్లు పెట్టుకున్నారనే అత్తగార్లు '350 రాసిన్రా' అని అడగడం మొదలుపెట్టారు.

ఫుడ్ లైసెన్సు అని అందరూ అంటారు గానీ ఈ స్థాయికి కావాల్సింది కేంద్ర ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్. మేం తీసుకున్నప్పుడు ఏడాది అమ్మకం 12 లక్షల లోపు వాళ్లకు ఇచ్చేవాళ్లు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఆ సంస్థ ఫాస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు, ఫొటో, గుర్తింపు కార్డు, పని జరిగే చోటి చిరునామా. నంబరు 14 అంకెలుంటుంది. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి తన పని తొందరగా అయ్యేందుకు తన ఫోన్ నంబరు, తన మెయిల్ కొట్టేస్తాడు, ఇది చాలా మామూలు. రిజిస్ట్రేషన్ గురించి వచ్చే మెసేజీలన్నీ అతనికి పోతాయి, మనకు తెలిసేసరికి రిజిస్ట్రేషన్ చచ్చిపోయి ఉంటుంది. పక్కన కూర్చుని, ఆఖరి బటన్ నొక్కకముందు నంబరు చదివించుకోవాలి. ఉద్యమ్‌కు సర్కారు ఫీజే లేదు. సెంటర్ వాళ్లు తీసుకునేది టైపు కూలి, అంతకుమించి వేలల్లో అడిగితే లేచి వచ్చేయడమే.

లేబుల్ మీద సరుకు పేరు, దినుసులు ఎక్కువ నుంచి తక్కువకు, పోషకాల వివరాలు, నికర బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలి, బ్యాచ్ నంబరు, చిరునామా, ఫిర్యాదుకు నంబరు, ఎంఆర్‌పీ, శాకాహారమని తెలిపే పచ్చ గుర్తు, ఆ 14 అంకెలు ఉండాలి. ఫిర్యాదుకు నంబరు అన్నచోట మళ్లీ భర్తల నంబర్లే బయటికొస్తాయి, గమనించండి. తేదీ చేత్తో రాస్తే తడికి చెరుగుతుంది. చిన్న రబ్బరు స్టాంపు చేయించి, ప్లాస్టిక్‌కు పట్టే సిరాతో కొట్టాలి.

శిల్పారామం బజార్‌లో స్టాల్ నేరుగా అడిగితే ఇవ్వరు. గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా గ్రామీణాభివృద్ధి ఆఫీసు, అక్కడి నుంచి సెర్ప్ (రాష్ట్ర గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), ఈ వరసలో పేరు పోవాలి. నమూనా ప్యాకెట్, రిజిస్ట్రేషన్ కాగితం సిద్ధంగా ఉన్న సంఘాన్నే ముందుకు పంపుతారు. సంఘాల సరుకు అమ్మే సరస్ మేళాలకు పోయే దారీ ఇదే. నాంపల్లి నుమాయిష్ (ఎగ్జిబిషన్) సంగతి వేరు, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది, అన్ని రోజులు ఊరు వదిలి ఉండటం చిన్న సంఘానికి కష్టం.

రాకపోకలకు మహాలక్ష్మి పథకం పెద్ద ఆసరా. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లూ అంతే. చార్జీకి భర్తను అడగాల్సిన పని పోయింది. అడగడమంటే ఎందుకు, ఎక్కడికి, ఎప్పుడొస్తావన్న జవాబులు కూడా ఇవ్వడమే కదా. సరుకు మాత్రం బస్సులో వద్దు. సకినం కుదుపుకు ముక్కలవుతుంది. 250 గ్రాముల ప్యాకెట్లు గట్టి అట్టపెట్టెల్లో నిలువుగా పేర్చి, సందుల్లో కాగితం కుక్కి, ట్రాలీ ఆటోలో పంపాలి. విరిగిన ముక్కలు వేరే కవర్లో సగం ధరకు పెడితే టీ తాగడానికొచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలు కొనుక్కుంటారు.

మాదాపూర్‌లో గిరాకీ సాయంత్రం ఐదు దాటాక, శని ఆదివారాల్లో. నూనె ఏది, ఎప్పుడు చేశారు, పిల్లలు తినొచ్చా అని అడుగుతారు. నగదు ఇచ్చేవాళ్లు తక్కువ, అందుకని క్యూఆర్ ముఖ్యం. ఇద్దరు కలిసి సంతకం పెట్టే సంఘం ఖాతాకు యూపీఐ సాధారణంగా ఇవ్వరు. దాంతో ఎవరో ఒకరి సొంత ఖాతా క్యూఆర్ పెడతారు. ఆ ఖాతాకు వాయిదా తప్పిన పంటరుణం ఉంటే పడ్డ డబ్బు పడ్డట్టే కోసుకుంటారు. భర్త ఫోన్లో ఉన్న యాప్ క్యూఆర్ ప్రింటు తీసుకొస్తే ఇంకా అన్యాయం, స్టాల్‌లో ఆమె అమ్ముతుంటే ఊళ్లో ఆయన ఫోన్ టింగుమంటుంది. ఏ అప్పూ లేని సభ్యురాలి పేరు మీద అమ్మకానికే కొత్త పొదుపు ఖాతా తెరిపించి, ఆమె సిమ్ వేసిన ఫోన్లోనే యాప్ పెట్టాలి. డెబిట్ కార్డు లేకున్నా ఆధార్ ఓటీపీతో పిన్ పెట్టుకోవచ్చు, ఆధార్‌లో, బ్యాంకులో ఒకే నంబరుంటే. ఏ రాత్రికారాత్రి అమ్మిన ప్యాకెట్లూ పడ్డ డబ్బూ సరిచూసి, వారానికోసారి సంఘం ఖాతాకు మార్చి ఆ వివరం మినిట్స్‌లో రాస్తే అనుమానాలకు తావుండదు.

స్టాల్‌కు వచ్చే ఇద్దరి ఇళ్లల్లో వంటెవరు చేస్తారు? ఇది తేలకుండా బస్సెక్కితే రెండో రోజుకే ఫోన్లు మొదలు. ఆడవాళ్లు బయటికొస్తే మగవాళ్లు వంటింట్లోకి వెళ్తారని రాసేస్తుంటారు గానీ, ఎక్కువ ఇళ్లల్లో ఆ పని అత్త మీదో, తొమ్మిదో తరగతి చదివే పెద్దబిడ్డ మీదో పడుతుంది. పిల్ల బడి మానితే ఈ సంపాదనకు అర్థం లేదు. అందుకే పరీక్షల రోజుల్లో బడికెళ్లే పిల్లలున్న వాళ్లకు వంతు వేయం, ఎవరికీ నాలుగు రోజులు మించనివ్వం. పాలు పితకడం, గిర్నికి మోయడం, సిలిండర్ తేవడం, పెట్టెలు కట్టడం మగవాళ్లు పేచీ లేకుండానే అందుకున్నారు, నలుగురిలో కనిపించే పనులు కదా. పొయ్యి దగ్గర మాత్రం కాళ్లాడవు. రైస్ కుక్కర్ ఉన్న ఇళ్లల్లో కొంత నయం: పొయ్యి వెలిగించనన్న మనిషే స్విచ్ మాత్రం నొక్కుతాడు, కూర పక్కింటి నుంచి వస్తుంది. కుక్కర్ కొనడానికి అంతర్గత అప్పు అడిగితే, ఇది పనికి పెట్టుబడి కాదని ఎవరన్నా సరే, ఇచ్చేయండి.

ఆఖరి రోజు మిగిలిన సరుకు ఊరికి తిప్పి పంపొద్దు. రెండు ప్రయాణాల కుదుపుకు సగం ముక్కలవుతుంది, తేదీ దగ్గరపడుతుంది, పాత ప్యాకెట్లు కొత్త బ్యాచ్‌లో కలిసే ప్రమాదముంది. గడువుకు వారం పైనే ఉన్నవాటిని చివరి సాయంత్రం ఆరు నుంచి రెండు ప్యాకెట్లు కొంటే ఒకటి ఉచితమని పెట్టండి. అంతకు తక్కువ గడువున్నవి అమ్మకుండా పక్క స్టాళ్ల వాళ్లకు పంచి, నష్టం పుస్తకంలో ఎన్ని ప్యాకెట్లో రాసుకోండి. తర్వాతి బ్యాచ్‌కు బియ్యం ఎన్ని కిలోలు నానబెట్టాలో ఆ అంకెను బట్టే చూసుకుంటాం.